విశ్వాసపరీక్ష యెవరికి?

మతమునకై బాధలు పడినవారి కథలు మనకు క్రొత్తవి కావు. ప్రహ్లాదుని కొండకొమ్మునుండి త్రోయించిరి. హరిశ్చంద్రుడు కాటికాపరి యయ్యెను. చిఱుతొండనంబి దంపతులు కన్నకొడుకునే కోసి జంగమునకు వండిపెట్టిరి. ఈ కథల నాలకించునపుడు మనకు కన్నీరు వచ్చునుగాని భయము కలుగదు. ఏలయన, తుదకు కంబము పగులుననియు, శివుడు ప్రత్యక్షమగుననియు, చచ్చిన బిడ్డ పిలిచినంతనే పరుగెత్తి వచ్చుననియు మనము ముందే యెఱుగుదుము. పరీక్షించువాడే రక్షించువాడు. కథ ముగిసిన వెనుక శ్రోత మంగళహారతి కన్నుల కద్దుకొని నిశ్చింతగా నింటికి పోవును.

కంబము పగులకపోయినచో? పిలుచువాడు పిలుచుచునే యుండగా పైనుండి యే బదులును రాకపోయినచో? అప్పుడు విశ్వాసమున కేమి గతి? ఈ ప్రశ్నను వెనుదీయక యడిగిన చిత్రము, మార్టిన్ స్కోర్సెసీ దర్శకత్వమున 2016 డిసెంబరులో వెలువడిన ‘సైలెన్స్’. మౌనమని దాని యర్థము. జపాను నవలాకారుడు ఎండో షూసాకు 1966లో ప్రకటించిన నవల దీనికి మూలము. ఎండో బాల్యముననే కతోలిక మతమున బాప్తిస్మము పొందినవాడు. తన దేశమునకును తన మతమునకును నడుమ నున్న యెడమును జీవితమంతయు కొలుచుచు వచ్చినవాడు. దర్శకుడు ఈ నవలను 1989లో చదివెను. చదివినదానిని తెరకెక్కించుటకు పాతికేండ్లకు పైగా పట్టెను. ఆ యాలస్యము చిత్రమునకు మేలే చేసినది; ఇందు తొందరపాటు కానరాదు.

కథకు చరిత్రాధారము కలదు. 1549లో ఫ్రాన్సిసు జేవియరు జపానులో కాలుపెట్టిన పిదప ఆ మతము వేగముగా వ్యాపించెను. 1614లో ప్రభుత్వము దానిని నిషేధించెను. 1637–38 సంవత్సరములలో షిమబర రైతుల తిరుగుబాటు జరిగిన వెనుక నిర్బంధము మఱింత క్రూరమయ్యెను. అంతకు ముందే, 1633లో, క్రిస్తవో ఫెరేరా యను పోర్చుగీసు జెసూట్ పెద్ద గోతిలో తలక్రిందుగా వ్రేలాడదీయబడి, ఆ బాధకు తాళలేక మతము విడిచెను. ఈ వార్త యూరపును కలవరపెట్టెను. ఆయన శిష్యులైన యిద్దఱు యువగురువులు, రోడ్రీగ్సు, గారూపె యనువారు, ఆ వార్తను నమ్మలేక మకావునుండి దొంగచాటుగా జపాను చేరుటతో చిత్రకథ సాగును. రోడ్రీగ్సు పాత్రకు జోసెఫ్ కియారా యను ఇటలీ గురువు చరిత్ర యాధారము.

కొండగుడిసెలో పగలెల్ల దాగి, రాత్రులయందు రైతులకు ప్రార్థనలు జరుపుచు వా రిద్దఱు కొంతకాలము గడుపుదురు. అధికారులు పసిగట్టి గ్రామస్థులను పట్టుకొందురు. మొకిచి, ఇచిజో యను రైతులను సముద్రపు టొడ్డున శిలువలకు కట్టి, పోటునీటికి వదలుదురు. మొకిచి నాలుగు దినములు కొనయూపిరితో నుండి పాడుచు ప్రాణము విడుచును. గారూపె, సముద్రమున త్రోయబడిన తన జనమును రక్షింప నీది మునిగిపోవును. రోడ్రీగ్సు చెఱలో పడును. ఒకనాటి రాత్రి ఆతనికి ఏదో గురక వినబడును. కావలివాని నిద్రయని యాతడు విసుగుకొనును. అది గురక కాదు. గోతులలో తలక్రిందుగా వ్రేలాడుచున్న రైతుల మూలుగు. వారు మతము విడుతుమని యెన్నడో చెప్పిరి. అయినను వారిని విడువరు. గురువు క్రీస్తు ప్రతిమపై కాలు మోపినగాని వారికి విడుదల లేదు. ఆతడు కాలు మోపును.

కళావిషయమున ఈ చిత్రము గొప్ప సంయమము చూపినది. ఇట్టి కథకు సంగీతపు హోరు తోడైనచో కరుణము చౌకబారును. ఇందు పాటకచ్చేరి లేదు. కీచురాళ్ల రొద, అలల మ్రోత, వాన చప్పుడు, ఊపిరి, ఇంతే. ఔచిత్యమును కావ్యమునకు ప్రాణమని చెప్పిన మన యాలంకారికులు ఈ నిగ్రహమును మెచ్చుకొని యుందురు. హింసను దాచలేదు, దానితో ఆడుకొననులేదు. బాధను దూరమునుండి, కదలక నిలిచి, చూడవలసినంతసేపు చూపి ఊరకుందురు. రోడ్రీగో ప్రియెటో ఛాయాగ్రహణమున పొగమంచు సైతము ఒక పాత్రయైనది. రెండుగంటల నలుబది నిమిషముల నిడివి కొందఱికి భారమనిపించును. ఆ భారము కథలోనిదే.

పాత్రలలో ఇరువురు మఱపునకు రారు. ఒకడు ఇనౌయె యను న్యాయాధికారి. ఇస్సే ఒగాత దీనిని నటించెను. ఆతడు కోఱలు చూపు రాక్షసుడు కాడు. విసనకఱ్ఱ ఊపుకొనుచు, సాగదీసి మాటలాడుచు, ఎండకు చిరాకుపడు ముసలివాడు. ప్రతిమను తొక్కుట లాంఛనము మాత్రమేయని ఆతని మనుష్యులు మాటిమాటికి నచ్చజెప్పుదురు. హృదయమున నేమున్నను మాకు పనిలేదు, కాలు మాత్రము మోపుమనుట వారి వాదము. లోకమున పీడనము సాధారణముగా మాటలాడు భాష యిదియే. రెండవవాడు కిచిజీరో. బంధువులందఱు చచ్చిరి, తాను ప్రతిమను తొక్కి బ్రతికెను. మరల తొక్కును, గురువును పట్టియిచ్చును, మరల వచ్చి పాపము చెప్పుకొనును. నిర్బంధము లేని కాలమున పుట్టియుండినచో తానును మంచి క్రైస్తవుడుగానే చచ్చియుందునుగదాయని ఆతడు వాపోవును. ఈ మాటకు గురువు బదులు చెప్పలేడు. వీరులు చావగలరు, పిఱికివాని కే మతము దారి చూపగలదు? చిత్రమున నిజమైన తత్త్వప్రశ్న యిది.

ఇక లోపములు. మొదటిది చిన్నది: పోర్చుగీసు గురువులును, వారితో జపాను పల్లీయులును ఇంగ్లీషే మాటలాడుట. దానిని నాటకధర్మమని సరిపెట్టుకొనవచ్చును. రెండవది చరిత్రకు సంబంధించినది. ఏ పోర్చుగీసు రాజ్యపు నీడన ఈ గురువులు బయలుదేరిరో, ఆ రాజ్యమే 1560లో మన గోవాయందు మతవిచారణసభను స్థాపించి, 1812వఱకు నడపినది. అచ్చట విశ్వాసము విషయమున అనుమానింపబడినవారిని చెఱలో పెట్టిరి, కాల్చిరి. నాగసాకిలో పీడితులైనవారి మతమే గోవాలో పీడకుల చేతికఱ్ఱ యయ్యెను. జపాను ప్రభువుల క్రౌర్యమును క్షమింప నక్కఱలేదు. కాని వారి భయమునకు కారణము లేకపోలేదని చూపియుండినచో, ఇనౌయె వాదమునకు బలము పెరిగి కథకు న్యాయము జరిగియుండును.

మూడవది ముఖ్యమైనది. ఈ చిత్రము గురువు మనస్సులో నివసించును. రైతుల చావు ఆతని కన్నులలో ప్రతిఫలించి మనకు చేరును. వారు నీట మునిగినను, గోతిలో మూలిగినను, ఆ పరీక్ష ఆతనిదిగానే లెక్కింపబడును. మొకిచి యింట భార్య యేమనుకొన్నదో, పన్నులచే నలిగిన ఆ పల్లె ఈ మతమున నేమి చూచి దాని కొఱకు చావ సిద్ధపడినదో, మనము తృటికాలము తప్ప చూడము. విశ్వాసపరీక్ష యనగా చదువుకొన్న యొక గురువు అంతరంగకలహమని మన మనుకొని లేచిపోవు ప్రమాద మిందు కలదు.

ఈ లోపము పల్నాటి వారికి త్వరగా కంటబడును. ఏలయన, ఇచ్చట కథ తలక్రిందుగా నడచినది. అమెరికా లూథరను సంఘమువారు పంపిన జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హెయ్యరు 1842 జులై 31వ తేదీన గుంటూరు చేరెను. అప్పటి కాతనికి 49 ఏండ్లు. 1849లో పల్నాటికి వచ్చి గురజాలయందు నివసించి బోధించెను. గుంటూరు కలెక్టరు హెన్రీ స్టోక్సు ఆతనికి అండగా నుండెను. పిమ్మట 1883లో నరసరావుపేటయందును, వినుకొండయందును అమెరికా బాప్తిస్టులు తమ కేంద్రములను స్థాపించిరి. ఈ దొరలకు పల్నాటి యెండ కలదు, రోగభయము కలదు, రాని భాష కలదు, దూరమున విడిచివచ్చిన బిడ్డలు కలరు. వారి శ్రమను తక్కువ చేయరాదు. కాని వారిని గోతిలో వ్రేలాడదీయు ఇనౌయె యిచ్చట లేడు. ఇనౌయె కూర్చుండవలసిన కుర్చీలో స్టోక్సుదొర కూర్చుండెను.

అయినచో పరీక్ష యెవరికి వచ్చినది? వారి మాట విని మతము మార్చుకొన్న మాల మాదిగలకు వచ్చినది. 1866లో ఒంగోలున నిలిచిన జాన్ క్లౌ దొర, చేరవచ్చినవారికి మూడు నియమములు పెట్టెను: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. వినుటకు చిన్న నియమములే. మాదిగవాని బ్రతుకులో మూడును మూడు కత్తులు. ఆదివారము పని మానినచో రైతు కోపించును. చచ్చిన పశువును ముట్టనన్నచో తోలు, చెప్పు, మోటబొక్కెన అను ఊరి యేర్పాటంతయు కదలును. విగ్రహమునకు మ్రొక్కనన్నవాడు జాతరలో డప్పు కొట్టుటకును రాడు. డప్పు లేనిదే జాతర లేదు. కావున ఊరు తిరుగబడినది. కూలి నిలిపిరి, అంగడిలో దినుసు లమ్మరైరి, నీటికి అడ్డుపడిరి, బలవంతముగా వెట్టికి లాగిరి, కొట్టిరి. క్లౌ దొర భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రకటించిన గ్రంథమున ఈ మాదిగల బ్రతుకును వారి నోటనే విని వ్రాసినది. రాజాజ్ఞ లేదు, ప్రతిమ లేదు, న్యాయాధికారి లేడు. పీడనము ఇరుగుపొరుగునుండి వచ్చినది. మన పూర్వులే దానిని నడపిరి. చదువుకొన్న ఇండ్లవారు చూచి ఊరకుండిరి. ఎండో దేవుని మౌనమును గూర్చి వ్రాసెను. మన కథ వ్రాయువాడు ఊరి మౌనమును గూర్చి వ్రాయవలసియుండును.

చిత్రమున ఫెరేరా యొక వాదము చేయును. జపాను ఒక ఊబినేల. ఏ మొక్క నాటినను వేరు క్రుళ్లిపోవునని. మతము విడిచినవాడు తన్ను తాను సమర్థించుకొను మాటయైనను, అందు ఆలోచింపదగినది కలదు. మన నేల యెట్టిది? క్లౌ దొరకు మాదిగలలో తొలి సహాయకుడైన యెఱ్ఱగుంట్ల పేరయ్య, అంతకు పూర్వమే యోగమార్గమున గురూపదేశము పొంది, విగ్రహముల కావల నున్న యొక్క దైవమును వెదకుచుండినవాడు. విత్తనము సముద్రము దాటి వచ్చినదేగాని, దున్నినవారు ఇచ్చటివారే. పల్నాటివారికి ఇది వింతగా తోపరాదు. పన్నెండవ శతాబ్దిలో బ్రహ్మనాయుడు అన్ని కులములవారిని ఒక్క చాపపై కూర్చుండబెట్టి చాపకూడు పెట్టెననియు, మాలవాడైన కన్నమదాసును దండనాయకునిగా చేసికొనెననియు మన వీరగాథ చెప్పును. కారెంపూడిలో వీరుల యుత్సవము నేటికిని జరుగుచున్నది. 1947లో ‘పల్నాటి యుద్ధము’ చిత్రముగా వచ్చినప్పుడు జనము బ్రహ్మనాయునికి జేజేలు కొట్టిరి. చాపపై చోటు కథలో నిచ్చి ఊరిలో నీయని మనము, ఆ చోటును వేఱొకచోట వెదకుకొన్నవానిని ఊబిలో నాటిన మొక్క యనుట న్యాయముకాదు.

ఇచ్చట ఒక యాక్షేపణమును సమాధానపెట్టవలెను. గంజికొఱకు మతము మార్చుకొన్నవారికి విశ్వాసమేమి, పరీక్షయేమియని పెద్దలు కొందఱందురు. 1876–78 నాటి కఱవు చరిత్రయే దీనికి బదులు. ఆ కఱవున క్లౌ దొర బకింగ్‌హాము కాలువ త్రవ్వకమున కొంతభాగమును గుత్తకు తీసికొని వేలమందికి పని కల్పించెను. ఆ పని సాగినంత కాలము బాప్తిస్మము లీయనని నిలిపివేసెను. కూలి ముగిసిన పిదపనే, 1878 జులై 3వ తేదీన, గుండ్లకమ్మ యొడ్డున ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆకలియు విశ్వాసమును వేఱువేఱు గదులలో కాపురముండునని కడుపు నిండినవాడే యనుకొనును. తనను మనిషిగా చూచినవానియందు దైవమును చూచుట లంచము కాదు.

చిత్రమున క్రీస్తు ప్రతిమను తొక్కింతురుగదా, అట్టిది మనయొద్ద నేమియు లేదా? బడి ప్రవేశపు పుస్తకమున మతము, కులము అను రెండు గడులు కలవు. 1950 నాటి రాష్ట్రపతి యుత్తర్వు ప్రకారము షెడ్యూల్డు కులములవాడనిపించుకొనుటకు హిందువై యుండవలెను. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును ఆ యర్హత విస్తరించిరి, క్రైస్తవులకు లేదు. మన రాష్ట్రమున క్రైస్తవులైన మాలమాదిగలను వెనుకబడిన తరగతులలో ‘సి’ వర్గముగా నెంచి నూటికి 1 వంతు కేటాయించిరి. షెడ్యూల్డు కులములకు నూటికి 15. కావున ప్రార్థనామందిరమున నొక పేరును, పత్రమున వేఱొక పేరును కలవారు పల్లెపల్లెన నున్నారు. కొందఱు దీనిని మోసమందురు. కులము లేదను మతమున చేరి కులపు రాయితీ యడుగుట యెట్లని వారి ప్రశ్న. ఆ ప్రశ్న వినదగినదే. చట్టము చట్టముగా నుండగా న్యాయస్థానము దానినే చదువవలెను. కాని మతము మార్చుకొన్నవాని పల్లె మాఱలేదు, పిలుపు మాఱలేదు, పెండ్లిసంబంధము మాఱలేదు. లూథరను సంఘమున మాలలు, బాప్తిస్టు సంఘమున మాదిగలు అధికులై నేటికిని వేఱువేఱుగా కూర్చుండుటయే దీనికి సాక్ష్యము. ఇందు సంఘపెద్దల తప్పును దాచరాదు. 2007లో రంగనాథ మిశ్రా సంఘము మతమును ఈ యర్హతనుండి వేఱుచేయుమని చెప్పెను. 2022లో మఱియొక విచారణసంఘమును నియమించిరి. తండ్రి కలము పట్టుకొని ఆ గడిముందు తటపటాయించునపుడు, లాంఛనమేగదా, వ్రాయుమని ప్రక్కవారు చెప్పుదురు. ఇనౌయె మనుష్యులు చెప్పినమాట యదియే. కాలు మోపినవానిని నిందించుటకు ముందు, ప్రతిమను ఆ కాలిక్రింద పెట్టినదెవరని యడుగుట ఈ చిత్రము నేర్పు పాఠము.

వినుకొండలో 1895లో పుట్టిన గుఱ్ఱము జాషువా ఈ రెండు మౌనములను నెఱిగినవాడు. టాకీలు రాని కాలమున, 1915–16లో, రాజమహేంద్రవరమున మూగచిత్రముల ప్రక్క నిలిచి, తెరమీది బొమ్మలకు మాటలు చదివి జీవించెను. కవియైన పిదప, హిందూకథలు వ్రాసినందుకు క్రైస్తవులును, పుట్టుకను బట్టి హిందువులును ఆతనిని దూరము పెట్టిరి. 1941 నాటి ‘గబ్బిలము’న ఆతని నాయకుడు మేఘమును కాదు, గుడిలోనికి పోగల గబ్బిలమును కాశీవిశ్వనాథునికడకు దూతగా పంపెను. క్రైస్తవ కవి శివునికి పంపిన మొఱ! రోడ్రీగ్సు ఆకాశమువంక చూచి బదులు రాలేదని కుందెను. జాషువా దేవునినే కాక ఆ గుడి వాకిలి మూసినవారిని గూడ ప్రశ్నించెను. మౌనముగా నున్నది దేవుడా, మనమా యను ప్రశ్న ఆ కావ్యమున నున్నంత స్పష్టముగా ఈ చిత్రమున లేదు.

చిత్రాంతమును గూర్చి ఒక మాట. మతము విడిచి జపానీయుడుగా బ్రతికి చచ్చిన రోడ్రీగ్సు శవము మండుచుండగా, ఆతని అఱచేతిలో మోటుగా చెక్కిన చిన్న శిలువ కనబడును. ఇది నవలలో లేదు, దర్శకుడు చేర్చినది. తుదకు కంబము కొంచెము పగిలినది! మౌనమును చివఱిదాక భరింపలేక ప్రేక్షకుని కొక యోదార్పు ఇచ్చెనని ఆక్షేపింపవచ్చును. కాని ఆ శిలువ గురువు చెక్కినది కాదు. సముద్రమున చచ్చిన మొకిచి, పల్లెటూరి రైతు, చెక్కి యిచ్చినది. చదువుకొన్న గురువు జీవితమంతయు దాచుకొన్న విశ్వాసము చదువురాని రైతు చేతిపని. చిత్రమంతట మఱచిన న్యాయమును దర్శకుడు తుది నిమిషమున తలచుకొన్నట్లున్నది.

పదునెనిమిదేండ్లు దాటిన పిల్లలతో కలసి పెద్దలు ఈ చిత్రమును చూడవలెను. ఏ మతమువారైనను, ఏ మతము లేనివారైనను, చూచిన పిదప రోడ్రీగ్సు చేసినది తప్పా ఒప్పాయని వాదించుకొందురు, అది మంచిదే. ఆ వాదము ముగిసిన తరువాత మొకిచిని గూర్చి యడుగుడు. ఆతని యిల్లు ఊరికి ఏ దిక్కున నుండెనో యడుగుడు. పల్నాటిలో ఆ దిక్కు మనకందఱికిని తెలియును.